జావా వెబ్ సర్వీసుల్లో మన సొంత ఆబ్జెక్టులను పంపడం, తిరిగి అందుకోవడం: ఎనుమాముల తక్‌పట్టీ ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

వెబ్ సర్వీసుల మీద, అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి మీద, దొరికే పాఠాలు చాలావరకు రెండు అంకెలు కూడటంతోనో, పేరు పంపితే నమస్కారం చెప్పించడంతోనో ఆగిపోతాయి. ఇంట్, స్ట్రింగ్ పంపడం ఎవరికైనా వస్తుంది. ఉద్యోగంలో చేరాక అసలు పని వేరే ఉంటుంది. మనం రాసుకున్న క్లాస్‌ను, అందులో ఇంకో క్లాస్‌ను, దాని లోపల ఒక జాబితాను పంపాలి. అట్లాంటిదే తిరిగి అందుకోవాలి. హనుమకొండ, వరంగల్ కాలేజీల పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది కూడా ఇదే: "సార్, స్ట్రింగ్ పంపితే చక్కగా పోతోంది. మా క్లాస్ పంపితే సర్వర్‌లో అన్నీ నల్ వస్తున్నాయి, ఎర్రర్ కూడా రావట్లేదు."

ఎర్రర్ రాకుండా నల్ రావడం కన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటి లేదు. అది ఎందుకు వస్తుందో, రాకుండా క్లాస్ ఎట్లా రాయాలో, వస్తే ఎక్కడ వెతకాలో ఈ వ్యాసంలో వరుసగా చెప్తాను. ముందు సోప్ పద్ధతి (ట్యాగులున్న ఎక్స్ఎంఎల్ టెక్స్ట్‌తో ప్రోగ్రాములు మాట్లాడుకోవడం), దానికి జావాలో వాడే జాక్స్-డబ్ల్యూఎస్ చూద్దాం. బ్యాంకులు, ప్రభుత్వ శాఖల పాత వ్యవస్థలతో మాట్లాడాలంటే అది ఇప్పటికీ కావాలి. చివర్లో రెస్ట్, జేసన్ పద్ధతికి, అంటే ఎక్స్ఎంఎల్ బదులు జేసన్ అనే తేలిక టెక్స్ట్ రూపంలో వివరాలు పంపడానికి, వస్తాను.

కోడ్‌లోని పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు వాటినే ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకోండి.

ఉదాహరణగా ఏం తీసుకుంటున్నాం

వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతును ఊహించుకోండి. నర్సంపేట వైపు నుంచి తెల్లవారుజామునే బస్తాలు దిగాయి. జెండా పాట (వేలం) అయింది, ఖరీదుదారు ధర పలికాడు, కాంటా పెట్టారు. తర్వాత అడ్తిదారు (కమిషన్ ఏజెంట్) రైతు చేతిలో తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, పెడతాడు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాల్‌కు ఎంత ధర, హమాలీకి ఎంత, దడ్వాయికి (తూకం వేసేవాడికి) ఎంత, చేతికి వచ్చేది ఎంత, అన్నీ దాని మీద ఉంటాయి.

ఈ తక్‌పట్టీని కంప్యూటర్‌లో నమోదు చేసే సర్వీసు రాస్తున్నాం అనుకుందాం. అడ్తి దుకాణంలోని ప్రోగ్రామ్ క్లయింట్. మార్కెట్ ఆఫీసులోని ప్రోగ్రామ్ సర్వర్. క్లయింట్ తక్‌పట్టీ వివరాలు పంపుతుంది. సర్వర్ లెక్క కట్టి, నంబర్ వేసి, పూర్తి తక్‌పట్టీని తిరిగి ఇస్తుంది.

ఇక్కడే ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. మార్కెట్ ఆఫీసుకు పోయేది పట్టీ కాగితమే, మిర్చి బస్తాలు కాదు. వెబ్ సర్వీసులో కూడా ఆబ్జెక్ట్ ఎక్కడికీ పోదు. క్లయింట్ మెమరీలో ఉన్నది అక్కడే ఉంటుంది. దాని వివరాలు ఎక్స్ఎంఎల్‌గా మారి తీగ మీద పోతాయి. అవతల ఆ వివరాలతో ఇంకో కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది. మీ క్లాస్‌లోని మెథడ్స్ పోవు, మెమరీలో దాని చిరునామా పోదు, వివరాలు మాత్రమే పోతాయి. ఈ రంగంలో వచ్చే చిక్కులకు, వాటి పరిష్కారాలకు చాలావరకు మూలం ఇదే.

మొదటి అడుగు: సరైన లైబ్రరీలు పెట్టుకోవడం

జాక్స్-డబ్ల్యూఎస్, దానికి తోడుగా ఆబ్జెక్టులను ఎక్స్ఎంఎల్‌గా మార్చే జాక్స్-బీ, రెండూ జావా 6 నుంచి జేడీకేతో పాటే వచ్చేవి. జావా 9లో వాటిని తీసేయబోతున్నట్టు గుర్తు పెట్టారు. 2018లో వచ్చిన జావా 11లో పూర్తిగా తీసేశారు. అందుకే పాత పాఠం చూసి రాసిన కోడ్ ఇప్పటి జేడీకే మీద కంపైల్ కాదు, ప్యాకేజీ దొరకలేదని అంటుంది. మావెన్ (ప్రాజెక్టుకు లైబ్రరీలు తెచ్చిపెట్టే పనిముట్టు) ఫైల్‌లో జాక్స్‌డబ్ల్యూఎస్-ఆర్‌టీ అనే డిపెండెన్సీ మీరే చేర్చుకోవాలి.

ఇంకో పెద్ద మార్పు ప్యాకేజీ పేర్లది. మొదట్లో అన్నీ జావాఎక్స్ అనే పేరుతో మొదలయ్యేవి. జకార్తా ఈఈ 9 నుంచి, అంటే 2020 చివరి నుంచి, జకార్తా అని మొదలవుతున్నాయి. జాక్స్‌డబ్ల్యూఎస్-ఆర్‌టీ 2.3 వరుస పాత పేర్లతో నడుస్తుంది, 3.0 నుంచి కొత్త పేర్లతో. ఈ రెండింటినీ ఒకే ప్రాజెక్టులో కలపకండి. రెండూ ఉండగా, కొత్త లైబ్రరీతో నడిపే క్లాస్ మీద పాత ప్యాకేజీ యానొటేషన్లు (@ గుర్తుతో రాసే సూచనలు) రాస్తే కంపైలర్ ఏమీ అనదు. నడిచేటప్పుడు మాత్రం లైబ్రరీకి అవి కనపడవు, అసలు యానొటేషన్లే లేనట్టు ప్రవర్తిస్తుంది. "రాసిందంతా సరిగ్గానే ఉంది కానీ పని చేయట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇంపోర్ట్ లైన్లే.

రెండో అడుగు: పంపే క్లాస్ రాయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మూడు క్లాసులు కావాలి. రైతు అనే క్లాస్‌లో పేరు, ఊరు. లాట్ అనే క్లాస్‌లో మిర్చి రకం, బస్తాల సంఖ్య, తూకం, ధర. తక్‌పట్టీ అనే క్లాస్‌లో నంబర్, తేదీ, ఒక రైతు, లాట్ల జాబితా, కోతలు, నికర మొత్తం.

జాక్స్-బీ మన క్లాస్‌ను ఎక్స్ఎంఎల్‌గా మార్చేది, ఎక్స్ఎంఎల్‌ను మళ్లీ క్లాస్‌గా మార్చేది. అది మన నుంచి మొదట కోరేది ఖాళీ కన్‌స్ట్రక్టర్, అంటే పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్. అవతలి వైపు అది ముందు ఖాళీ ఆబ్జెక్ట్ తయారు చేసి, తర్వాత ఒక్కో వివరం నింపుతుంది. మీరు సౌకర్యం కోసం రైతు క్లాస్‌కు పేరు, ఊరు తీసుకునే కన్‌స్ట్రక్టర్ ఒకటి రాశారనుకోండి. ఆ క్షణమే జావా తనంతట తాను ఇచ్చే ఖాళీ కన్‌స్ట్రక్టర్ మాయమవుతుంది. సర్వీసు లేచేటప్పుడే ఇల్లీగల్-యానొటేషన్స్-ఎక్సెప్షన్ వస్తుంది, నో-ఆర్గ్ డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్ లేదని చెప్తుంది. కాబట్టి ఖాళీ కన్‌స్ట్రక్టర్‌ను కూడా చేత్తో రాయండి.

తర్వాతి ప్రశ్న: జాక్స్-బీ వివరాలను ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఏమీ చెప్పకపోతే అది పబ్లిక్ గెటర్-సెటర్ జతలను, పబ్లిక్ ఫీల్డ్స్‌ను చూస్తుంది. ప్రైవేట్ ఫీల్డ్ రాసి గెటర్ ఒక్కటే పెట్టి, సెటర్ మరిచిపోతే ఆ వివరం ఎక్స్ఎంఎల్‌లోకి ఎక్కదు. ఎర్రర్ రాదు, నల్ వస్తుంది. పిల్లలు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇదే.

నేను ఎప్పుడూ క్లాస్ మీద ఎక్స్ఎంఎల్‌యాక్సెసర్‌టైప్ యానొటేషన్ పెట్టి, దానికి ఫీల్డ్ అని చెప్పమంటాను. అప్పుడు గెటర్లు, సెటర్లతో సంబంధం లేకుండా ఫీల్డ్స్‌నే చూస్తుంది. ఏ వివరాలు బయటికి పోతున్నాయో క్లాస్ పైభాగం చూస్తే తెలిసిపోతుంది. ఇది చెప్పకుండా ప్రైవేట్ ఫీల్డ్ మీద ఎక్స్ఎంఎల్‌ఎలిమెంట్ యానొటేషన్ రాస్తే, ఫీల్డ్‌ను ఒకసారి, గెటర్‌ను ఇంకోసారి చూసి "ఒకే పేరుతో రెండు ప్రాపర్టీలు ఉన్నాయి" అని ఆగిపోతుంది. చాలామంది దీనికి మందుగా గెటర్ తీసేస్తారు. అవసరం లేదు, పైన చెప్పిన ఒక్క లైన్ చాలు.

ఎక్స్ఎంఎల్‌టైప్ యానొటేషన్‌లో ప్రాప్‌ఆర్డర్ అని ఒకటి ఉంది. వివరాలు ఏ వరుసలో రావాలో అందులో రాస్తాం. రాయకపోతే వరుసకు హామీ లేదు. రాస్తే మాత్రం ఒక్క ఫీల్డ్ కూడా వదలకుండా రాయాలి, లేకపోతే సర్వీసు లేవదు. నేనైతే రాయమనే చెప్తాను. స్కీమా, అంటే ఎక్స్ఎంఎల్‌లో ఏవి ఏ వరుసలో ఉండాలో చెప్పే నమూనా, స్థిరంగా ఉంటుంది.

ఎక్స్ఎంఎల్‌రూట్‌ఎలిమెంట్ గురించి గందరగోళం ఎక్కువ. జాక్స్-డబ్ల్యూఎస్‌లో పారామీటర్‌గానో, రిటర్న్‌గానో పంపే క్లాస్‌కు అది తప్పనిసరి కాదు. సర్వీసే బయట ఒక చుట్టు ఎలిమెంట్ వేస్తుంది. ఆబ్జెక్ట్‌ను విడిగా ఫైల్‌లోకి రాసుకునేటప్పుడు, రెస్ట్‌లో ఎక్స్ఎంఎల్ ఇచ్చేటప్పుడు కావాలి. పెట్టినా నష్టం లేదు.

సీరియలైజబుల్ ఇంప్లిమెంట్ చేయాలా అని కూడా అడుగుతారు. ఈ పనికి అక్కర్లేదు. అది జావా సొంత బైనరీ పద్ధతి, ఇక్కడ నడిచేది ఎక్స్ఎంఎల్.

మూడో అడుగు: డబ్బు, తూకం, తేదీ

రైతు డబ్బు లెక్కలు డబుల్ టైప్‌లో పెట్టకండి. డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. 4.86 క్వింటాళ్లు, క్వింటాల్‌కు 14,200 రూపాయలు అయితే 69,012 రావాలి, పైసా తేడా రాకూడదు. బిగ్‌డెసిమల్ వాడండి. దాన్ని డబుల్ నుంచి కాకుండా స్ట్రింగ్ నుంచి తయారు చేయండి. ఎక్స్ఎంఎల్‌లో అది డెసిమల్‌గా పోతుంది, అవతలి వైపు మళ్లీ బిగ్‌డెసిమల్‌గా వస్తుంది. రెండు విలువలు సమానమా అని చూసేటప్పుడు ఈక్వల్స్ కాకుండా కంపేర్‌టూ వాడండి. ఎందుకంటే ఈక్వల్స్‌కు 4.8, 4.80 వేర్వేరు.

బస్తాల సంఖ్యకు చిన్న ఇంట్ వాడాలా, ఇంటీజర్ వాడాలా? ఇంట్ వాడితే ఖాళీగా వచ్చినా సున్నా అవుతుంది. క్లయింట్ నిజంగా సున్నా పంపిందా, పంపడం మరిచిందా అన్నది మీకు తెలియదు. ఇంటీజర్ అయితే నల్ ఉంటుంది, మీరు అడిగి ఆపవచ్చు. బయటి నుంచి వచ్చే వివరాలకు ఇంటీజరే మంచిది. పట్టీ నంబర్, ఫోన్ నంబర్ లాంటివి అంకెల్లా కనిపించినా స్ట్రింగ్‌గానే ఉంచండి. ముందున్న సున్నాలు పోకూడదు కదా.

తేదీ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. పాత డేట్ టైప్ అయితే జాక్స్-బీకి తెలుసు, కానీ దానితో సమయం, టైమ్ జోన్ కూడా వచ్చి, ఒక్కోసారి తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది. జావా 8లో వచ్చిన లోకల్‌డేట్ మన అవసరానికి సరిపోతుంది, కానీ జాక్స్-బీకి అది నేరుగా తెలియదు. దానికి ఖాళీ కన్‌స్ట్రక్టర్ లేదు కాబట్టి పైన చెప్పిన ఎర్రరే వస్తుంది. మార్గం ఏమిటంటే ఎక్స్ఎంఎల్‌అడాప్టర్ అనే క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి ఒక చిన్న క్లాస్ రాయాలి. అందులో రెండే మెథడ్స్. మార్షల్‌లో లోకల్‌డేట్ తీసుకుని స్ట్రింగ్ ఇస్తాం, అన్‌మార్షల్‌లో స్ట్రింగ్ తీసుకుని లోకల్‌డేట్ ఇస్తాం. రెండింటిలోనూ నల్ వస్తే నల్ తిరిగి ఇవ్వడం మరవకండి. తర్వాత తేదీ ఫీల్డ్ మీద ఎక్స్ఎంఎల్‌జావాటైప్‌అడాప్టర్ యానొటేషన్ పెట్టి ఈ క్లాస్ పేరు చెప్పాలి. దానితో పాటు ఎక్స్ఎంఎల్‌స్కీమాటైప్ యానొటేషన్‌లో డేట్ అని రాస్తే, స్కీమాలో కూడా అది మామూలు స్ట్రింగ్‌గా కాకుండా తేదీగా కనిపిస్తుంది.

మిర్చి రకాన్ని ఏం చేయాలి? తేజ, వండర్ హాట్, చపాటా అని ఈనమ్ (ముందే రాసిన కొన్ని విలువలనే తీసుకునే టైప్) రాయాలనిపిస్తుంది. నా సలహా వద్దనే. కొత్త రకాలు వస్తూనే ఉంటాయి. ఈనమ్‌లో ఒక కొత్త విలువ చేర్చి సర్వర్ మారిస్తే, పాత క్లయింట్‌కు ఆ పేరు తెలియదు. జాక్స్-బీ ఊరికే నల్ పెట్టేస్తుంది. జేసన్ చదివే జాక్సన్ అయితే ఎర్రర్ ఇచ్చి మొత్తం జవాబునే తిరగ్గొడుతుంది. రకాన్ని ఒక కోడ్ స్ట్రింగ్‌గా పంపి, చెల్లే కోడ్‌ల జాబితా సర్వర్‌లో చూసుకోండి. పట్టీ స్థితి లాంటివి, అంటే నమోదైంది, చెల్లించారు, రద్దైంది అనేవి మారవు కాబట్టి వాటికి ఈనమ్ బాగుంటుంది.

నాలుగో అడుగు: జాబితాలు, ఒకదాంట్లో ఒకటి

తక్‌పట్టీలో లాట్ల జాబితా ఫీల్డ్‌గా ఉంటే జాక్స్-బీ బాగానే చూసుకుంటుంది. ప్రతి లాట్‌కు ఒక ఎలిమెంట్ వస్తుంది. ఎక్స్ఎంఎల్‌ఎలిమెంట్‌వ్రాపర్ పెడితే వాటన్నిటి చుట్టూ లాట్లు అనే ఎలిమెంట్ వస్తుంది. తీగ మీద పోయేది దాదాపు ఇట్లా ఉంటుంది:

<పట్టీ>
  <రైతు>
    <పేరు>మల్లయ్య</పేరు>
    <ఊరు>పర్వతగిరి</ఊరు>
  </రైతు>
  <లాట్లు>
    <లాట్>
      <రకం>చపాటా</రకం>
      <బస్తాలు>12</బస్తాలు>
      <తూకం>4.86</తూకం>
      <ధర>14200</ధర>
    </లాట్>
  </లాట్లు>
</పట్టీ>

చుట్టు ఎలిమెంట్ లేకపోతే ఖాళీ జాబితాకు, నల్‌కు తేడా తీగ మీద కనపడదు. రెండింటికీ ఏ ఎలిమెంటూ రాదు. అందుకే లాట్ల గెటర్‌లో "నల్ అయితే కొత్త ఖాళీ జాబితా తయారు చేసి ఇవ్వు" అని రాసుకోండి.

మ్యాప్ విషయం వేరు. ఒక క్లాస్ లోపల ఫీల్డ్‌గా మ్యాప్ ఉంటే జాక్స్-బీ పంపగలదు. సర్వీసు మెథడ్ నేరుగా మ్యాప్‌ను రిటర్న్ చేస్తే మాత్రం "అది ఇంటర్‌ఫేస్, ఇంటర్‌ఫేస్‌లతో నా వల్ల కాదు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ ఇస్తుంది. కోతలను హమాలీకి ఇంత, దడ్వాయికి ఇంత అని మ్యాప్‌లో పంపాలనిపిస్తే ఆగి, పేరు, మొత్తం అనే రెండు ఫీల్డ్స్‌తో కోత అనే క్లాస్ రాసి జాబితాగా పంపండి. అవతల ఏ భాషలో రాసిన క్లయింట్ ఉన్నా సులువుగా చదువుకుంటుంది.

చక్రాలు జాగ్రత్త. తక్‌పట్టీలో రైతు ఉన్నాడు, రైతు క్లాస్‌లో అతని తక్‌పట్టీల జాబితా కూడా పెట్టారనుకోండి. పట్టీ రాయడానికి రైతును, రైతును రాయడానికి పట్టీని, మళ్లీ రైతును రాయాలి. జాక్స్-బీ దీన్ని గుర్తించి, చక్రం ఉందని ఎర్రర్ ఇస్తుంది. ఒక వైపు ఫీల్డ్ మీద ఎక్స్ఎంఎల్‌ట్రాన్సియెంట్ పెడితే అది రాయడం మానేస్తుంది. కానీ అసలు మందు, రైతు క్లాస్‌లో ఆ జాబితా లేకుండా చేయడమే. రైతు పట్టీలన్నీ కావాలంటే దానికి వేరే సర్వీసు మెథడ్ పెట్టండి.

ఈ చక్రాలు ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, డేటాబేస్ కోసం రాసిన ఎంటిటీ క్లాస్‌నే సర్వీసులో వాడినప్పుడు. దయచేసి ఆ పని చేయకండి. హైబర్నేట్ (డేటాబేస్ నుంచి ఆబ్జెక్టులు తెచ్చే లైబ్రరీ) లేజీగా, అంటే అడిగినప్పుడే, తెచ్చే జాబితాను జాక్స్-బీ తాకేసరికి సెషన్ మూసుకుపోయి ఉంటుంది, లేజీ-ఇనిషియలైజేషన్-ఎక్సెప్షన్ వస్తుంది. అంతకన్నా ముఖ్యం, టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మార్చి, దానితో పాటు ఎంటిటీలో ఫీల్డ్ పేరు కూడా మారిస్తే బయటి క్లయింట్లన్నీ ఆగిపోతాయి. పంపడానికి వేరే క్లాసులు రాయండి, ఎంటిటీ నుంచి అందులోకి చేత్తో నింపండి. కాస్త ఎక్కువ పనే, కానీ ఈ కష్టం దగ్గర పొదుపు చేయకూడదు.

ఐదో అడుగు: సర్వీసు రాసి లేపడం

ఒక ఇంటర్‌ఫేస్ రాసి దాని మీద వెబ్‌సర్వీస్ యానొటేషన్ పెట్టండి. మూడు మెథడ్స్ చాలు: పట్టీ నమోదు, నంబర్‌తో పట్టీ చూపు, ఒక రైతు పట్టీలన్నీ చూపు. మొదటిది తక్‌పట్టీ తీసుకుని తక్‌పట్టీ ఇస్తుంది.

ప్రతి పారామీటర్ ముందు వెబ్‌పరామ్ యానొటేషన్ పెట్టి పేరు చెప్పండి. చెప్పకపోతే స్కీమాలో దాని పేరు ఆర్గ్0 అవుతుంది. సోప్‌యూఐ అనే పరీక్ష పనిముట్టులో చేత్తో సందేశం రాసే వ్యక్తి పట్టీ అని రాస్తాడు, సర్వర్ ఆర్గ్0 కోసం వెతుకుతుంది, దొరకదు, మీ మెథడ్‌కు నల్ ఇస్తుంది. తెలియని ఎలిమెంట్ ఎదురైతే జాక్స్-బీ మామూలుగా పట్టించుకోకుండా దాటిపోతుంది. అందుకే ఎర్రర్ రాదు. రిటర్న్‌కు అట్లాగే వెబ్‌రిజల్ట్ ఉంది.

ఇంప్లిమెంటేషన్ క్లాస్‌లో వెబ్‌సర్వీస్ యానొటేషన్ మళ్లీ పెట్టి, ఎండ్‌పాయింట్‌ఇంటర్‌ఫేస్ అనే చోట ఇంటర్‌ఫేస్ పూర్తి పేరు రాయండి. మెయిన్ మెథడ్‌లో ఎండ్‌పాయింట్ క్లాస్‌లోని పబ్లిష్ మెథడ్‌కు అడ్రస్, ఈ క్లాస్ ఆబ్జెక్ట్ ఇస్తే సర్వీసు లేస్తుంది. బ్రౌజర్‌లో ఆ అడ్రస్ చివర ప్రశ్నార్థకం, డబ్ల్యూఎస్‌డీఎల్ అని చేర్చి చూడండి. సర్వీసులో ఏ మెథడ్స్ ఉన్నాయో, ఏం తీసుకుంటాయో చెప్పే ఫైల్ అది. దాంట్లో ఇచ్చిన స్కీమా లింక్ తెరిచి, మీ ఫీల్డ్స్ అన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటే సరిచూసుకోండి. స్కీమాలో లేనిది తీగ మీద కూడా ఉండదు. క్లయింట్ రాయకముందే ఇక్కడ పెట్టే ఐదు నిమిషాలు తర్వాత ఎంతో తల నొప్పి తప్పిస్తాయి.

సర్వర్ లోపల రెండు జాగ్రత్తలు. సర్వీసు ఆబ్జెక్ట్ ఒక్కటే, ఒకే సమయంలో ఎందరో అడ్తిదారుల కాల్స్ దాని మీదికి వస్తాయి. సీజన్‌లో పొద్దుటి పూట ఊహించుకోండి. వచ్చిన పట్టీని ఇంప్లిమెంటేషన్ క్లాస్ ఫీల్డ్‌లో దాచుకుంటే ఒక రైతు లెక్క ఇంకో రైతుకు పోతుంది. అన్నీ మెథడ్ లోపలి వేరియబుల్స్‌లోనే ఉంచండి. రెండోది, క్లయింట్ పంపిన నికర మొత్తాన్ని నమ్మకండి. తూకం, ధర, కోతల నుంచి సర్వర్ మళ్లీ లెక్క కట్టాలి. నిజానికి నమోదుకు వచ్చే క్లాస్‌లో నంబర్, నికర మొత్తం అనే ఫీల్డ్స్ ఉండకపోవడమే మేలు. పంపడానికి ఒక క్లాస్, అందుకోవడానికి ఇంకో క్లాస్ పెట్టుకుంటే, ఎవరు ఏది నింపాలన్న అనుమానమే రాదు.

ఎక్స్ఎంఎల్‌ఎలిమెంట్‌లో రిక్వైర్డ్ ట్రూ అని రాస్తే ఖాళీగా వచ్చినవి ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. అది స్కీమాలో మాత్రమే మారుతుంది. నడిచేటప్పుడు ఎవరూ చెక్ చేయరు. చెక్ కావాలంటే స్కీమా వ్యాలిడేషన్ విడిగా ఆన్ చేయాలి, లేదా మీ మెథడ్ మొదట్లోనే చూసుకోవాలి. నేను రెండో దాన్నే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే "తూకం రాయలేదు" అని మనుషులకు అర్థమయ్యే మాట చెప్పవచ్చు.

ఆరో అడుగు: క్లయింట్

డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ అనే పనిముట్టు డబ్ల్యూఎస్‌డీఎల్ చదివి క్లయింట్ క్లాసులు తయారు చేస్తుంది. ఇది కూడా జేడీకే 11లో పోయింది, ఇప్పుడు మావెన్ ప్లగిన్‌గా వాడుకోవాలి. అది చేసిన ఫోల్డర్‌లో తక్‌పట్టీ, రైతు, లాట్ అనే క్లాసులు కనిపిస్తాయి. ఇవి మీ సర్వర్ క్లాసులు కావు, పేర్లు మాత్రమే అవే. మీరు లాట్‌లో రాసిన "మొత్తం లెక్కకట్టు" అనే మెథడ్ ఇందులో ఉండదు. ముందే చెప్పుకున్నట్టు, వివరాలే వచ్చాయి.

ఇక్కడ మూడు తేడాలు మిమ్మల్ని ఆపుతాయి. లాట్ల జాబితాకు సెటర్ ఉండదు. గెటర్ పిలిచి, వచ్చిన జాబితాకే లాట్‌ను యాడ్ చేయాలి. తేదీ లోకల్‌డేట్‌గా కాకుండా ఎక్స్ఎంఎల్‌గ్రెగోరియన్‌క్యాలెండర్‌గా వస్తుంది. అది నచ్చకపోతే బైండింగ్ ఫైల్ రాసి లోకల్‌డేట్‌గా మార్చుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. సర్వర్ నమోదు మెథడ్‌లో పట్టీ నంబర్ వేసినంత మాత్రాన, మీరు పంపిన ఆబ్జెక్ట్‌లో నంబర్ కనపడదు. ఒకే ప్రోగ్రామ్ లోపల మెథడ్ పిలిచినప్పుడు అవతల మార్చింది మనకు కనిపిస్తుంది. ఇక్కడ అట్లా కుదరదు. రిటర్న్ అయిన కొత్త ఆబ్జెక్ట్‌ను వేరియబుల్‌లో పట్టుకుని అందులో నంబర్ చూడాలి. హోల్డర్ అనే పద్ధతితో పంపిన పారామీటర్‌లోనే తిరిగి తెచ్చుకునే వీలుంది కానీ, రిటర్న్ ఉండగా దాని జోలికి పోనక్కర్లేదు.

తప్పు జరిగితే ఆబ్జెక్ట్‌గానే చెప్పండి

లేని పట్టీ నంబర్ అడిగితే నల్ తిరిగి ఇవ్వకండి. పట్టీ దొరకలేదు అనే ఎక్సెప్షన్ క్లాస్ రాసి, దాని మీద వెబ్‌ఫాల్ట్ యానొటేషన్ పెట్టండి. అందులో ఎర్రర్ కోడ్, వివరణ ఉన్న ఒక మామూలు క్లాస్‌ను లోపల ఉంచి, గెట్‌ఫాల్ట్‌ఇన్ఫో అనే మెథడ్‌తో ఇవ్వాలి. కన్‌స్ట్రక్టర్ మెసేజ్‌ను, ఆ క్లాస్‌ను రెండింటినీ తీసుకోవాలి. సర్వీసు మెథడ్ త్రోస్‌లో ఈ ఎక్సెప్షన్ పేరు రాస్తే డబ్ల్యూఎస్‌డీఎల్‌లోకి కూడా ఎక్కుతుంది. క్లయింట్ వైపు అదే పేరుతో ఎక్సెప్షన్ వస్తుంది, కోడ్ చూసి ఏం చేయాలో నిర్ణయించుకోవచ్చు. అనుకోని రన్‌టైమ్ ఎక్సెప్షన్లను సర్వర్‌లోనే పట్టి, లాగ్‌లో రాసుకుని, బయటికి చిన్న మాట మాత్రమే పంపండి. మీ డేటాబేస్ టేబుల్ పేర్లు బయటివాళ్లకు కనపడకూడదు.

నల్ వస్తే వెతకాల్సిన చోట్లు

ముందు తీగ మీద ఏం పోతోందో కళ్లతో చూడండి. జాక్స్-డబ్ల్యూఎస్‌లో హెచ్‌టీటీపీఅడాప్టర్ క్లాస్‌కు డంప్ అనే సిస్టమ్ ప్రాపర్టీ ఉంది. అది ట్రూ చేస్తే వచ్చే, పోయే సందేశాలన్నీ కన్సోల్‌లో పడతాయి. వివరం సందేశంలో లేదంటే తప్పు పంపే వైపు ఉంది. సెటర్ లేదు, ట్రాన్సియెంట్ పెట్టారు, పాత ప్యాకేజీ యానొటేషన్ వాడారు, ఇట్లాంటివేవో చూడండి. సందేశంలో ఉండి ఆబ్జెక్ట్‌లో లేదంటే తప్పు చదివే వైపు ఉంది. అప్పుడు ఎలిమెంట్ పేరులో పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడండి. తర్వాత నేమ్‌స్పేస్ (ఎలిమెంట్ పేర్లకు ఇంటిపేరు లాంటిది) చూడండి. సర్వర్‌లో జావా ప్యాకేజీ పేరు మారిస్తే, టార్గెట్‌నేమ్‌స్పేస్ మీరు చేత్తో రాయకపోతే, అది కూడా మారిపోతుంది. పాత క్లయింట్ పంపేది కొత్త సర్వర్‌కు అపరిచితం అవుతుంది. టార్గెట్‌నేమ్‌స్పేస్‌ను మొదటి రోజే మీరే రాసి, దాన్ని కదపకండి.

ఊరు పేరు తెలుగులో పంపితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయంటే అది ఆబ్జెక్ట్ తప్పు కాదు, ఎన్‌కోడింగ్ తప్పు. ఎక్స్ఎంఎల్ యూటీఎఫ్-8లోనే పోతుంది. మధ్యలో ఎవరో ఎన్‌కోడింగ్ చెప్పకుండా స్ట్రింగ్‌ను బైట్లుగా మార్చి ఉంటారు, లేదా ఫైల్ అట్లా చదివి ఉంటారు. జావా 18 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది. అంతకుముందు విండోస్ మెషీన్లలో వేరేగా ఉండేది. ప్రతిచోటా యూటీఎఫ్-8 అని చెప్పి రాయండి. డేటాబేస్ కాలమ్ కూడా యూనికోడ్ తీసుకునేలా ఉందో లేదో చూసుకోండి.

ఒక క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి పిల్ల క్లాస్ పంపితే, జాక్స్-బీకి ఆ పిల్ల క్లాస్ గురించి తనంతట తాను తెలియదు. తల్లి క్లాస్ మీద ఎక్స్ఎంఎల్‌సీఆల్సో పెట్టి పిల్ల క్లాసుల పేర్లు చెప్తే సరిపోతుంది.

రెస్ట్, జేసన్ అయితే

ఈ రోజుల్లో కొత్త ప్రాజెక్టులు చాలావరకు ఇటే. పైన చెప్పిన క్లాస్ నియమాలు దాదాపు అన్నీ ఇక్కడా వర్తిస్తాయి: ఖాళీ కన్‌స్ట్రక్టర్, పంపడానికి వేరే క్లాసులు, బిగ్‌డెసిమల్, చక్రాలు లేకపోవడం. రెస్ట్ సర్వీసులకు జావాలో వాడే జాక్స్-ఆర్ఎస్‌లో మెథడ్ మీద కన్స్యూమ్స్, ప్రొడ్యూసెస్ యానొటేషన్లతో జేసన్ అని చెప్పి, పారామీటర్‌గా తక్‌పట్టీ పెడితే చాలు. క్లయింట్ కంటెంట్-టైప్ హెడర్ సరిగ్గా పంపకపోతే 415 అనే ఎర్రర్ (ఈ రకం డేటా తీసుకోను అని) వస్తుంది. జవాబు వైపు మెసేజ్‌బాడీరైటర్ దొరకలేదని వస్తే, జేసన్‌గా మార్చే లైబ్రరీ క్లాస్‌పాత్‌లో లేదని అర్థం.

జాక్సన్ 2 స్వభావం జాక్స్-బీకి ఒక చోట పూర్తిగా ఎదురు. తనకు తెలియని ఫీల్డ్ వస్తే దాటిపోకుండా ఎర్రర్ ఇస్తుంది. కొత్త ఫీల్డ్ చేర్చిన సర్వర్‌తో పాత క్లయింట్ మాట్లాడాలంటే, క్లయింట్‌లో జేసన్‌ఇగ్నోర్‌ప్రాపర్టీస్‌తో తెలియనివి వదిలేయమని చెప్పాలి. స్ప్రింగ్ బూట్ తానే ఇచ్చే జాక్సన్‌లో మాత్రం ఈ కట్టడి ముందే తీసేసి ఉంటుంది. అందుకే అక్కడ నడిచిన కోడ్ బయట ఆగిపోతుంది. జాక్సన్ 2లో లోకల్‌డేట్ కోసం జావాటైమ్ మాడ్యూల్ రిజిస్టర్ చేసి, తేదీలను టైమ్‌స్టాంప్‌గా రాయవద్దని చెప్పాలి. ఆ రెండోది చెప్పకపోతే తేదీ ఏడాది, నెల, రోజు అనే మూడు సంఖ్యల అర్రేగా పోతుంది.

వచ్చే సీజన్‌కు ఫీల్డ్ చేర్చాల్సి వస్తే

మార్కెట్ ఆఫీసు వచ్చే ఏడు తేమ శాతం కూడా కావాలంటుంది. లాట్ క్లాస్ చివర తేమ అనే ఫీల్డ్ చేర్చండి, రిక్వైర్డ్ పెట్టకండి, ప్రాప్‌ఆర్డర్‌లో కూడా చివరే రాయండి. పాత క్లయింట్లు అది పంపవు, సర్వర్‌కు నల్ వస్తుంది. నల్ అయితే ఏం చేయాలో సర్వర్‌లో రాసుకోండి. ఉన్న ఫీల్డ్ పేరు మార్చడం, టైప్ మార్చడం, అర్థం మార్చడం మాత్రం చేయకండి. ధర అనేది క్వింటాల్‌కు అయితే ఎప్పటికీ క్వింటాల్‌కే. కిలోకు కావాలంటే కిలోధర అని కొత్త ఫీల్డ్ పెట్టండి. అంతకన్నా పెద్ద మార్పు తప్పదంటే కొత్త నేమ్‌స్పేస్‌తో, కొత్త అడ్రస్‌లో రెండో సర్వీసు లేపండి. అడ్తి దుకాణాలన్నీ మారేదాకా పాతదాన్ని కూడా నడపండి.